విండోస్ 10 గొడవ 2021 జూన్‌లోనే మొదలైంది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసింది 2025 అక్టోబరు 14న. ఇళ్లలో వాడుకునేవాళ్లకు అదనంగా ఇచ్చిన ఏడాది గడువు 2026 అక్టోబరు 13తో తీరుతుంది. ఆ తేదీ మాట వచ్చినప్పుడల్లా పాత వాదనే మళ్లీ లేస్తోంది. శుభ్రంగా నడుస్తున్న సిస్టమ్‌ని మూలన పడేయాలా అని వాడేవాళ్లు, పదేళ్లు అప్‌డేట్లు ఇచ్చాం కదా అని కంపెనీ. విండోస్ పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. ఈ తగువు అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 2021 జూన్ 24.

విండోస్ 11ని ప్రకటించింది ఆ రోజే. అప్పటిదాకా కొత్త విండోస్ వేయించాలంటే ర్యామ్ ఎంతుంది, డిస్కులో చోటుందా అని చూసేవాళ్లు. నత్తనడక నడిచినా నడిచేది. విండోస్ 11 మాత్రం రెండు కొత్త షరతులతో వచ్చింది. ఒకటి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్. రెండోది ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి మొదలవుతుంది. ఆ తరం చిప్‌లు మార్కెట్లోకి వచ్చిందే 2017 ద్వితీయార్ధంలో. అంటే అప్పటికి నాలుగేళ్లు కూడా నిండని కంప్యూటర్లు బయటే ఉండిపోయాయి.

ఆ వారం జరిగింది చూస్తే కంపెనీకే స్పష్టత లేదనిపిస్తుంది. మన సిస్టమ్ పనికొస్తుందో లేదో చూసుకోండంటూ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న టూల్ ఇచ్చారు. అది ‘ఈ పీసీలో విండోస్ 11 నడవదు’ అని చెప్పేది గానీ, ఎందుకు నడవదో సరిగా చెప్పేది కాదు. చాలా సిస్టమ్‌లలో టీపీఎం లోపలే ఉంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ఆఫ్ చేసి ఉంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. ఆ పేర్లు తెలిసిన మామూలు మనిషి ఎవరు? జనం టీపీఎం చిప్‌ల కోసం విడిగా వేట మొదలుపెట్టారు. నాలుగు రోజులకే ఆ టూల్‌ని వెనక్కి తీసుకున్నారు. మొదట కంపెనీ పత్రాల్లో టీపీఎం 1.2 ఉన్నా చాలన్నట్టు కనిపించిన మాటను కూడా తర్వాత సరిదిద్దారు.

అసలు మెలిక టీపీఎం కాదు, ప్రాసెసర్ల జాబితా. 2016 జులై 28 తర్వాత విండోస్ 10తో వచ్చే కొత్త మోడళ్లలో టీపీఎం 2.0 తప్పనిసరని రూలు పెట్టింది మైక్రోసాఫ్టే. ఆ రూలు ప్రకారం టీపీఎంతోనే అమ్ముడైన 6వ, 7వ తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇప్పుడు జాబితాలో లేవు. పైగా 2021 ఆగస్టులో జాబితాను మళ్లీ పరిశీలించి 7వ తరంలో కొన్ని చిప్‌లకే మినహాయింపు ఇచ్చారు. వాటిలో ఒకటి ఐ7-7820హెచ్‌క్యూ. మైక్రోసాఫ్ట్ సొంతంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే కంప్యూటర్‌లో ఉన్నది అదే చిప్.

కంపెనీ వైపు మాటా చెప్పాలి. షరతులకు సరిపోని సిస్టమ్‌లలో పరీక్షిస్తే కెర్నెల్ క్రాష్‌లు (సిస్టమ్ మొత్తం ఉన్నట్టుండి ఆగిపోవడం) 52 శాతం ఎక్కువ వచ్చాయని అప్పట్లో చెప్పింది. భద్రత అన్నది వట్టి సాకు కూడా కాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు బ్రిటన్ ఆస్పత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. పాత విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆగి మూడేళ్లయినా, మైక్రోసాఫ్ట్ దానికి ప్రత్యేకంగా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విడుదల చేయాల్సి వచ్చింది. మన బ్యాంకుల ఏటీఎంలు కూడా చాలావరకు అప్పటికి ఎక్స్‌పీ మీదే నడుస్తుంటే, 2019 జూన్‌కల్లా అన్నిటినీ మార్చి తీరాలని 2018లో రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది.

అయితే ఎక్స్‌పీ కథను తెచ్చి విండోస్ 10కి అంటగట్టడం అంత సబబు కాదు. అప్పుడు చాలామందికి దారి తెరిచే ఉంది, వాళ్లే కదల్లేదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లి శుభలేఖలు కొట్టే మన డీటీపీ సెంటర్లు పాత విండోస్‌ని వదలకపోవడానికి కారణం ఆ సాఫ్ట్‌వేర్. ఇప్పుడు విండోస్ 10 దగ్గర ఆగిపోయినవాళ్లలో చాలామంది ముందుకెళ్లడానికి సిద్ధమే, సిస్టమ్‌నే రానివ్వడం లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఏ షాపులో అడిగినా ఐదో తరం, ఆరో తరం సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేసి ఇంకో నాలుగేళ్లు లాగొచ్చనే అంటారు.

జనం కోపానికి ఇంకో కారణం 2015, 16 నాటి జ్ఞాపకం. విండోస్ 10కి మారడాన్ని ఏడాదిపాటు ఉచితం చేశారు. ఇదే చివరి విండోస్ అని కంపెనీ ఉద్యోగి ఒకరు సభలోనే అన్నారు. కంపెనీ దాన్ని అధికారిక హామీగా ఇవ్వలేదు గానీ, ఖండించనూ లేదు. 2016లోనైతే అప్‌గ్రేడ్ కిటికీ మూలన ఎక్స్ నొక్కి మూసినా ఒప్పుకున్నట్టే లెక్కగట్టి అప్‌గ్రేడ్ చేసేసిన సందర్భాలున్నాయి. అంత బలవంతంగా లోపలికి లాక్కొచ్చిన కంపెనీ, ఐదేళ్లకే ప్రాసెసర్ నంబరు అడిగింది.

2021 తర్వాత కూడా కంపెనీ ఒక్క మాట మీద లేదు. సరిపోని సిస్టమ్‌లోనూ విండోస్ 11 ఎక్కించుకునే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల) చిట్కాను అప్పట్లో సొంత సపోర్టు పేజీలోనే పెట్టింది, 2025 మొదట్లో తీసేసింది. 2024 డిసెంబరులో టీపీఎం 2.0 విషయంలో రాజీ లేదని తేల్చింది. డబ్బు దగ్గర మాత్రం మెత్తబడింది. ఏడాది అదనపు అప్‌డేట్లకు 30 డాలర్లని 2024 అక్టోబరు చివర్లో ప్రకటించి, 2025 జూన్‌లో సెట్టింగులు క్లౌడ్‌కి బ్యాకప్ చేస్తే ఉచితమంది. యూరప్ వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టాక ఆ ప్రాంతానికి బ్యాకప్ షరతు కూడా ఎత్తేసింది. మనకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. బ్యాకప్ ఆన్ చేయాలి, లేదా వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు వాడాలి, లేదా డబ్బు కట్టాలి. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉండాల్సిందే.

కంపెనీలకు లెక్క వేరు. మొదటి ఏడాది కంప్యూటర్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, అలా మూడేళ్లు. అంటే 2028 అక్టోబరు దాకా విండోస్ 10కి ప్యాచ్‌లు తయారవుతూనే ఉంటాయి. ఇంటి సిస్టమ్‌లకు కూడా వాటిని ఇవ్వడానికి అడ్డేమిటని వాడేవాళ్లు అడుగుతున్నది అందుకే.