టీమ్‌లో బీట ఎక్కడ పడుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: రకరకాల మనుషుల్ని కలిపితే గొడవలు తప్పవు.

వాస్తవం: ఎన్ని రకాలవాళ్ళున్నారన్నది అంత ముఖ్యం కాదు. తేడాలన్నీ ఒకే గీత మీద పడ్డాయా లేదా అన్నదే చూడాలి. 1998లో డోరా లావ్, కీత్ మర్నిగన్ అనే పరిశోధకులు దీనికి ఫాల్ట్‌లైన్ అని పేరు పెట్టారు. భూమి పొరల్లో పగులు లాంటిదే, కుదుపు వచ్చేదాకా పైకి కనపడదు.

గాజువాక వైపు ఏ ప్లాంటులోనైనా ఉండదగ్గ 6 మంది మెయింటెనెన్స్ గ్యాంగ్ అనుకోండి. ముగ్గురు 50 దాటిన పర్మినెంటు ఫిట్టర్లు, శ్రీకాకుళం తెలుగువాళ్ళు. మిగతా ముగ్గురు పాతికేళ్ళ కాంట్రాక్టు కుర్రాళ్ళు, ఒడియావాళ్ళు. వయసు, ఉద్యోగం, భాష మూడూ ఒకే చోట విడిపోయాయి. ఇప్పుడు పక్క గ్యాంగ్‌తో రెండే మార్పిళ్ళు చేయండి: ఒక తెలుగు పర్మినెంటుకి బదులు అదే వయసు ఒడియా పర్మినెంటు, ఒక ఒడియా కుర్రాడికి బదులు తెలుగు కుర్రాడు. లెక్కకి తెలుగు 3, ఒడియా 3, పర్మినెంటు 3, కాంట్రాక్టు 3. అంకె ఒక్కటీ మారలేదు, గీత మాత్రం చెదిరింది.

మీ టీమ్‌ని చూసుకోవడానికి ఒక తెల్లకాగితం చాలు. పేర్లు నిలువుగా, వయసు, భాష, ఉద్యోగం, ఏ బస్సులో వస్తారు అన్నవి అడ్డంగా రాయండి. ఒక్క గీతతో గళ్ళన్నీ రెండుగా విడిపోతే జాగ్రత్తపడాలి.

అపోహ: గొడవల్లేవంటే చీలిక లేనట్టే.

వాస్తవం: గొడవ కంటే ముందు ఆగిపోయేది మాట. రాత్రి (సి) షిఫ్టువాడు దిగిపోతూ "రెండో పంపు బేరింగ్ వేడెక్కుతోంది, గంటకోసారి చెయ్యి పెట్టి చూడు" అని చెప్పాలి. ఎదురుగా తన భాషవాడు లేకపోతే లాగ్‌బుక్‌లో "ఓకే" అని రాసి పోతాడు. పగతో కాదు, మొహమాటంతో. అందుకే హ్యాండోవర్, అంటే షిఫ్టు అప్పగింత, మిషను దగ్గరే జరగాలి. చెప్పేవాడు వేలుపెట్టి చూపించాలి, వినేవాడు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే ఇద్దరి సంతకాలూ.

బీటని కుదిపేవి సాధారణంగా ఓటీ (ఓవర్‌టైమ్) లిస్టు, పండగ రోస్టరు (డ్యూటీల పట్టిక). సంక్రాంతికి తెలుగువాళ్ళందరికీ, రథయాత్రకి ఒడియావాళ్ళందరికీ సెలవిచ్చేయడం న్యాయంగానే కనిపిస్తుంది గానీ, అలా చేస్తే గీత గీసేది రోస్టరే. ఒక తెలుగువాడు, ఒక ఒడియావాడు చొప్పున జంటలు వేయండి: సంక్రాంతికి తన డ్యూటీ తీసుకున్నవాడి రుణం రథయాత్రకి ఆ తెలుగువాడే తీర్చాలి. పేరుపేరునా నోటీసు బోర్డు మీద పెట్టండి.

అపోహ: అరకు పిక్నిక్ పెడితే అందరూ కలిసిపోతారు.

వాస్తవం: బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు. పరిచయం పనిచేయాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవాళ్ళ అండ కావాలని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. వంటగిన్నెలు మోసేది కాంట్రాక్టు కుర్రాళ్ళే అయితే మొదటిదే పోయింది!

అపోహ: లోపల చిన్న జట్లు ఉండనే కూడదు.

వాస్తవం: ఓ మోస్తరు జట్లున్న టీములే ఎక్కువ నేర్చుకుంటాయని గిబ్సన్, వర్మూలెన్ అనే పరిశోధకులు 2003లో చూపించారు. ఒక్కడే ఉన్నవాడు తప్పు కనిపించినా నోరు మెదపడు, తోడొకడుంటే అడుగుతాడు. షిఫ్టులోకి మొదటిసారి అమ్మాయిల్ని తీసుకుంటుంటే ఒక్కర్ని కాదు, ఇద్దర్ని వేయండి. ఒకరు ఎలక్ట్రికల్, ఒకరు మెకానికల్ అయితే మేలు. ఇద్దర్నీ ఒకే సెక్షన్‌లో కుక్కితే మళ్ళీ గీత మొదలు.