ఖాళీ ఖజానా నుంచి పుట్టిన ఏడుగురి రగ్బీ

2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లలో ఒకదాని పేరు హైదరాబాద్ హీరోస్. మన ఊరి పేరు కనిపించిందని మ్యాచ్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి అనుమానం వచ్చే ఉంటుంది: రగ్బీ అంటే జట్టుకి పదిహేను మంది కదా, వీళ్లు ఏడుగురేంటి? పైగా టీ తాగి వచ్చేలోపు ఆట అయిపోతోంది!

దీన్ని సెవెన్స్ అంటారు. క్రికెట్‌లో టీ20 ఎలాగో రగ్బీలో ఇది అలాగని చెప్పడం అలవాటు. కానీ టీ20 వచ్చింది 2003లో. సెవెన్స్ 1883లోనే పుట్టింది. టీవీ కోసమో, ఓపిక లేని ప్రేక్షకుల కోసమో ఆటని కత్తిరించారనుకుంటే పొరపాటు. ఒక చిన్న ఊరి క్లబ్బు దగ్గర డబ్బుల్లేక మొదలైన ఆట ఇది. ఆ తర్వాత కూడా అది వేసిన ప్రతి పెద్ద అడుగు వెనక డబ్బు కథ ఒకటి ఉంది.

ఆ ఊరు మెల్రోజ్. స్కాట్లండ్‌కి దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు జిల్లాల్లో ఉంటుంది. క్లబ్బు ఖజానా అడుగంటితే నెడ్ హేగ్ అనే ఆటగాడు క్రీడల పండుగ పెట్టి టికెట్లు అమ్ముదామన్నాడు. వృత్తి మాంసం కొట్టడం. అతను పనిచేసే దుకాణం యజమాని డేవిడ్ శాండర్సన్‌కీ ఈ ఆలోచనలో వాటా ఉందంటారు. పండుగలో పరుగు పందేలూ, బంతి తన్నే పోటీలూ ఉన్నా జనం డబ్బిచ్చి రావాలంటే రగ్బీ ఉండాల్సిందే. అయితే ఒక్క మధ్యాహ్నంలో పెద్ద జట్లతో అన్ని మ్యాచ్‌లు ఎలా ముగుస్తాయి? అందుకే జట్టుని ఏడుగురికి కుదించారు. మ్యాచ్ పదిహేను నిమిషాలే.

1883 ఏప్రిల్ 28న గ్రీన్‌యార్డ్స్ మైదానానికి గాలాషీల్స్, హాయిక్ ఊళ్ల నుంచి ప్రత్యేక రైళ్లలో జనం దిగారు. మెల్రోజ్ మహిళలు గెలిచినవాళ్లకి వెండి కప్పు ఇస్తామన్నారు. ఫైనల్ మెల్రోజ్‌కీ, పక్క ఊరు గాలాషీల్స్ జట్టు గాలాకీ పడింది. సమయం అయిపోయినా పాయింట్లు సమానమే. ఇంకో పదిహేను నిమిషాలు ఆడదామని కెప్టెన్లు ఒప్పుకున్నారు. ఆ సమయం పూర్తికాకముందే శాండర్సన్ ట్రై చేశాడు, అంటే అవతలి వాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించాడు. అంతే, గెలిచేశామంటూ మెల్రోజ్ వాళ్లు మైదానం దిగి వెళ్లిపోయారు. ఇంకా టైముందని గాలా వాళ్లు గోల పెట్టారు. కప్పు మాత్రం మెల్రోజ్‌లోనే ఉండిపోయింది. సెవెన్స్ చరిత్రలో తొలి ట్రోఫీ తగాదాతోనే మొదలైంది.

మరుసటి ఏడాదే గాలా తన సొంత టోర్నీ పెట్టుకుంది. ఆ పైఏడు హాయిక్ కూడా. ఆ తర్వాత నలభై ఏళ్లదాకా ఇది ఆ సరిహద్దు ఊళ్ల ముచ్చటగానే ఉంది. 1926లో లండన్ ట్వికెన్‌హమ్‌లో మిడిల్‌సెక్స్ సెవెన్స్ మొదలైంది. దాని వెనకా ఒక స్కాట్లండ్ డాక్టరే ఉన్నాడు, వచ్చిన డబ్బు దాతృత్వానికే వెళ్లింది. రగ్బీ పెద్దల దృష్టిలో సెవెన్స్ అంటే సీజను చివర నాలుగు రూపాయలు పోగేసే సరదా ఆట, అంతకు మించి కాదు.

ఆ లెక్క మార్చింది హాంకాంగ్. అక్కడి రగ్బీ సంఘానికి అప్పుడు అధ్యక్షుడు టాకీ స్మిత్ అనే దక్షిణాఫ్రికా వ్యాపారి. రాత్మన్స్ సిగరెట్ కంపెనీలో ప్రచారం చూసుకునే ఇయాన్ గౌ, ప్రపంచంలోని మంచి జట్లతో టోర్నీ పెడదామని వస్తే, సెవెన్స్ అయితే బాగుంటుందని స్మిత్ సలహా ఇచ్చాడు. కాథే పసిఫిక్ విమాన సంస్థ కూడా కలిసింది. 1976 మార్చిలో పన్నెండు జట్లు ఆడాయి. వాటిలో ఫిజీ, టోంగా, శ్రీలంక, దక్షిణ కొరియా, థాయిలాండ్, ఇండోనేషియా ఉన్నాయి. పదిహేను మంది రగ్బీలో ఇంగ్లండ్, వేల్స్ లాంటి పాత కులీనులు ఇలాంటి దేశాలతో అప్పట్లో ఆడింది అరుదే. రగ్బీలో డబ్బు తీసుకుని ఆడటమే 1995 దాకా నిషిద్ధం. అలాంటి రోజుల్లో సిగరెట్ కంపెనీ సొమ్ముతో ఆసియా, పసిఫిక్ దేశాలకి ఒక వేదిక దొరికింది. పొగాకు డబ్బు చేసిన మంచి పనులు తక్కువే, ఇదొకటి.

ఆ వేదిక మీద అందరికన్నా బాగా వెలిగింది ఫిజీ. 1977లోనూ, 1978లోనూ వాళ్లే గెలిచారు. సెవెన్స్ మైదానం మామూలు రగ్బీదే: 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, మన లెక్కలో ఎకరా డెబ్భై సెంట్ల పైమాటే. అంత నేలని ఏడుగురే కాయాలి. కబడ్డీలోనూ ఏడుగురే గానీ, ఇక్కడ ఒక్కడు టాకిల్ (బంతితో దూసుకొచ్చేవాణ్ని పట్టి పడేయడం) తప్పితే వెనక పట్టుకునే నాథుడు ఉండడు. ఏడేసి నిమిషాల రెండు భాగాల్లోనే ఊపిరి ఆగినంత పనవుతుంది. బరువు కన్నా వేగం, ఒంటి చేత్తో బంతి వదిలే చాకచక్యం ముఖ్యం. చిన్నప్పటి నుంచీ అలా ఆడుతూ పెరిగే ఫిజీ పిల్లలకి ఇది చేతికి తొడుగు లాంటిది.

సెవెన్స్ ప్రపంచ కప్ 1993లో ఎడిన్‌బరోలో మొదలైంది. 1998లో ఈ ఆట కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లోకి వచ్చింది. 1999లో ఏడాది పొడవునా సాగే ప్రపంచ సిరీస్ వచ్చింది. అసలు మలుపు 2009 అక్టోబరు 9న కోపెన్‌హాగెన్‌లో జరిగింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 81-8 ఓట్లతో సెవెన్స్‌ని 2016 క్రీడల్లో చేర్చింది. పదిహేను మంది రగ్బీ 1924 తర్వాత ఒలింపిక్స్‌కి దూరమైంది. అందులో మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రోజుల తరబడి విశ్రాంతి కావాలి, రెండు వారాల్లో టోర్నీ ముగించడం కష్టం. సెవెన్స్ మూడు రోజుల్లో అయిపోతుంది. ఒలింపిక్ ఆట కాగానే చాలా దేశాల్లో ప్రభుత్వ నిధులు వచ్చాయి. మహిళలకీ సమానంగా పోటీ పెట్టడంతో అప్పటిదాకా వాళ్లని పట్టించుకోని సంఘాలు కూడా జట్లు కట్టక తప్పలేదు.

2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీలో 44 మందిని బలి తీసుకుంది. ఆ ఆగస్టులోనే రియో ఫైనల్లో ఫిజీ 43-7తో గ్రేట్ బ్రిటన్‌ని చిత్తు చేసింది. అది ఆ దేశపు తొట్టతొలి ఒలింపిక్ పతకం. బ్రిటన్ యువరాణి ఆన్ పతకాలు వేస్తుంటే ఆటగాళ్లు ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని మెడ వంచారు. తర్వాత ఫిజీ ఏడు డాలర్ల నోటు అచ్చు వేసి, దాని మీద కెప్టెన్ ఒసియా కొలినిసౌనీ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ బెన్ రయన్‌నీ పెట్టింది. 1903 నుంచి మద్రాసు రేవు దాటి చెరకు తోటలకి వెళ్లిన తెలుగు కూలీల మనవలూ మునిమనవలూ ఉన్న దేశమే అది. వాళ్ల జేబుల్లోకీ ఆ నోటు చేరే ఉంటుంది.

మరి ఇప్పుడెందుకు ఈ ఆటకి టెన్షన్? 2025 మార్చిలో హాంకాంగ్ టోర్నీ కై టాక్‌లోని యాభై వేల సీట్ల కొత్త స్టేడియానికి మారింది. కానీ అదే ఏడాది మే నెలలో ఐర్లాండ్ రగ్బీ సంఘం ఖర్చు భరించలేమంటూ పురుషుల సెవెన్స్ కార్యక్రమాన్నే ఎత్తేస్తున్నట్టు చెప్పింది. ప్రపంచ సిరీస్ పై అంచెలో పన్నెండు జట్లు ఆడేవి, 2025-26 నుంచి ఎనిమిదే. టోర్నీ పెట్టినవాళ్లకి టికెట్ల డబ్బు మిగులుతుంది, జట్టుని పోషించేవాళ్లకి విమాన టికెట్లూ జీతాలూ మిగులుతాయి. మెల్రోజ్‌లో ఈ ఇద్దరూ ఒకటే, కాబట్టి లెక్క సరిపోయింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పురుషులకీ మహిళలకీ పన్నెండేసి జట్ల చోటు ఉంది. ఐర్లాండ్ పురుషులకి మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.