భూమి కూతుళ్లది, నమాజు అందరిదీ

పిల్లలూ,

ఇండోనేసియాకు ఇస్లాం కత్తితో వచ్చిందా, సరుకుతో వచ్చిందా అని మీలో ఒకరు అడిగారు. పరీక్షలో అయితే సరుకుతోనే అని రాసేయండి, తప్పేం కాదు. సుమత్రా ఉత్తర కొసన ఉన్న పసై రేవులో సుల్తాన్ మలిక్ అస్ సాలిహ్ సమాధి ఉంది. దాని మీది సంవత్సరం మన లెక్కలో 1297. అంతకు కొన్నేళ్ల ముందు అటుగా వెళ్లిన మార్కో పోలో, దగ్గర్లోని పెర్లక్ పట్నంలో జనం ముస్లింలయ్యారనీ, అది వచ్చిపోయే వర్తకుల వల్లేననీ రాశాడు. సముద్రం దాటి దండెత్తి వచ్చిన అరబ్బు సైన్యమేదీ ఆ దీవుల చరిత్రలో కనపడదు.

అయితే నాకు ఆ వచ్చిన రోజు కంటే తర్వాత జరిగిందే ఎక్కువ ఆసక్తి. కొత్త మతం ఇంట్లోకి వచ్చాక పాత కట్టుబాట్లు ఏమయ్యాయి? మధ్యలో డచ్చివాళ్లు వచ్చి కూర్చున్నాక ఆ తగువు ఎటు తిరిగింది? ఇండోనేసియా అంతటి గురించీ చెప్పడం నా వల్ల కాదు. ఒక్క సీమ సంగతి చెప్తాను, వినండి.

పడమటి సుమత్రాలో పడాంగ్ రేవు నుంచి కొండలెక్కితే మినంగ్‌కబావ్ జనం ఉండే ప్రాంతం వస్తుంది. వాళ్లు ముస్లింలు. మతం విషయంలో పట్టింపు ఎక్కువ ఉన్నవాళ్లనే పేరు కూడా ఉంది. కానీ వాళ్ల వంశం తల్లి వైపు నుంచి లెక్క. పూర్వీకుల పొలం, ఇల్లు తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. దున్నపోతు కొమ్ముల్లా కొసలు పైకి లేచిన కప్పుతో పొడవాటి ఇల్లు ఉంటుంది, దాన్ని రుమా గదాంగ్ అంటారు. అందులో పెళ్లయిన ప్రతి కూతురికీ ఒక గది. భర్త రాత్రికి వచ్చి, తెల్లారాక తన తల్లిగారింటి పనులకు వెళ్లిపోయేవాడు. అల్లుడంటే మోడు మీది బూడిద లాంటివాడని వాళ్ల సామెత. గాలి గట్టిగా వీస్తే ఉండడన్నమాట! ఇంటి పెత్తనం మేనమామది. మన దగ్గర మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి పక్కకు తప్పుకుంటాడు. అక్కడ మేనల్లుళ్లను దారిలో పెట్టడం, పొలం అన్యాక్రాంతం కాకుండా చూడడం, తగువులు తీర్చడం అన్నీ ఆయన నెత్తినే. అయినా ఆ పొలం ఆయనది కాదు, అక్కచెల్లెళ్లది.

మగపిల్లలకు ఆ ఇంట్లో గది ఉండేది కాదు. ఏడెనిమిదేళ్లు వచ్చాయంటే రాత్రిళ్లు సురావ్‌లో పడుకోవాల్సి వచ్చేది. సురావ్ అంటే నమాజు చేసుకునే చోటు, ఖురాన్ నేర్పే బడి, కుర్రాళ్ల పడకటిల్లు, అన్నీ అదే. కాస్త పెద్దయ్యాక ఊరు వదిలి వ్యాపారానికో చదువుకో దూరదేశం పోతారు. దీన్ని మెరంతావ్ అంటారు, పోకపోతే నలుగురూ చిన్నచూపు చూస్తారు. ఇప్పుడు ఆలోచించండి. మతం, బయటి ప్రపంచం మగపిల్లల చోటు అయిన సురావ్ గుండా వచ్చాయి. పొలం మాత్రం ఆడవాళ్ల ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే రెండూ చాలాకాలం ఒకదానితో ఒకటి ఢీకొనకుండా బతికాయని నా అభిప్రాయం. షరియా ప్రకారం, అంటే ఇస్లాం చట్టం ప్రకారం, కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. ఆదత్ ప్రకారం, అంటే వాళ్ల ఊరి కట్టుబాటు ప్రకారం, పూర్వీకుల భూమిలో కొడుక్కి వాటా లేదు. ఈ రెండూ ఎప్పటికైనా ఎదురుపడక తప్పదు.

మనవాళ్లకూ ఆ తీరంతో పని ఉండేది. డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం వైపు నుంచి, మిగతా కోరమండల్ రేవుల నుంచి బట్టలు కొని, సుమత్రా పడమటి తీరంలో వాటికి మారకంగా మిరియాలు, బంగారం తీసుకునేది. 17వ శతాబ్దం రెండో సగంలో పడాంగ్‌లో స్థిరపడిందీ అందుకే. కంపెనీ అప్పటికింకా కొండలెక్కలేదు.

కొండల మీద అసలు కదలిక కాఫీతో మొదలైంది. 18వ శతాబ్దం చివర్లో అమెరికా ఓడలు కాఫీ కోసం పడాంగ్ వైపు రాసాగాయి. వరి పండని ఏటవాలు నేలల్లో కాఫీ వేసినవాళ్ల చేతుల్లో డబ్బు ఆడింది. డబ్బుతో పాటే దారిదోపిడీలు, జూదం, కోడిపందేలు, నల్లమందు, అప్పుల తగాదాలు పెరిగాయి. ఒక ఊరి కట్టుబాటు పక్క ఊళ్లో చెల్లదు. మరి నాలుగు ఊళ్ల మీదుగా సరుకు తోలే వర్తకుడికి అన్నిచోట్లా చెల్లే ఒకే న్యాయం కావాలి కదా? షరియాలో అతనికి అది కనపడింది. తుఆంకు నన్ తువో అనే గురువు మొదట మెత్తగా, బోధనతోనే ఈ మార్పు తేవాలని చూశాడు.

1803లో ముగ్గురు హాజీలు మక్కా నుంచి తిరిగొచ్చారు. అరేబియాలో వహాబీలు, అంటే మతాన్ని కఠినంగా పాటించి తీరాలనేవాళ్లు, చెలరేగుతున్న రోజులవి. ఈ ముగ్గురూ అదే ఊపుతో దిగారు. నన్ తువో శిష్యుడే అయిన తుఆంకు నన్ రెంచె వాళ్లతో కలిశాడు. కోడిపందెం, కల్లు, పొగాకు, తాంబూలం అన్నీ నిషేధం. మగవాళ్లకు తెల్లబట్ట, గడ్డం. ఆడవాళ్లకు ముసుగు. వినని ఊళ్లను తగలబెట్టారు. పొగాకు నమిలిందని నన్ రెంచె సొంత పిన్నినే చంపించాడని చెప్పుకుంటారు. మినంగ్‌కబావ్‌ల పగరుయుంగ్ రాజవంశంలో చాలామందిని నరికేశారు. చరిత్రలో వీళ్ల పేరు పద్రీలు. ఇది ముస్లింలకూ మరొకరికీ మధ్య జరిగిన యుద్ధం కాదని గుర్తుపెట్టుకోండి. రెండు వైపులా ఉన్నది ముస్లింలే, చాలాచోట్ల చుట్టాలే.

దెబ్బతిన్న ఆదత్ పెద్దల్లో కొందరు 1821లో పడాంగ్ వెళ్లి, తమను కాపాడమని డచ్చివాళ్లతో ఒప్పందం రాసుకున్నారు. అలా పిలిచి మరీ తెచ్చుకున్నారు. డచ్చివాళ్లు కోటలు కట్టారు. ఇప్పటి బుకిట్టింగి ఊరికి కొండ మీది ఫోర్ట్ డి కాక్ కోటే మొదలు. 1825లో జావా దీవిలో రాకుమారుడు దిపొనెగొరో తిరుగుబాటు రావడంతో ఇక్కడ సంధి చేసుకుని సైన్యాన్ని అటు తరలించారు. 1830లో ఆ యుద్ధం అయిపోగానే మళ్లీ ఇటు తిరిగారు. ఈలోగా వెట్టిచాకిరీతో, పన్నులతో విసిగిన ఆదత్ పెద్దలు కూడా 1833లో పద్రీల వైపు కలిశారు. అప్పటికి ఆలస్యమైపోయింది. 1837 ఆగస్టులో పద్రీల బొంజోల్ కోట పడింది. దాని నాయకుడు ఇమామ్ బొంజోల్‌ను మాట్లాడుకుందామని పిలిచి పట్టుకున్నారు. ఊరూరూ తిప్పి, చివరికి సులావెసి దీవిలో మనాడో దగ్గర ఉంచారు. 1864లో అక్కడే పోయాడు. 2001లో ఇండోనేసియా ఆయన బొమ్మతో 5000 రుపియా నోటు తెచ్చింది.

నోటు మీది ఇమామ్ కంటే తన జ్ఞాపకాల్లో కనిపించే ఇమామ్ నాకు ఎక్కువ నచ్చుతాడు. యుద్ధం మధ్యలో ఆయన కొందరిని మక్కా పంపి అసలు ధర్మం ఏమిటో కనుక్కురమ్మన్నాడు. వాళ్లు వచ్చి, మనం రుద్దిన చట్టాలు అక్కడ ఇప్పుడు చెల్లడం లేదన్నారు. గ్రంథం పెట్టిన హద్దుల్ని మనమే చాలా దాటేశాం కదా అని ఆయన తనవాళ్లను అడిగాడు. దోచుకున్న సొమ్ము తిరిగి ఇప్పించాడు. ఊరి వ్యవహారాలు ఆదత్ పెద్దలకు, మతం సంగతి మతగురువులకు అప్పజెప్పాడు. "కట్టుబాటుకు ఆధారం షరియా, షరియాకు ఆధారం దైవగ్రంథం" అని ఇవాళ్టికీ అక్కడ ప్రతి సభలోనూ చెప్పే మాట ఈ రాజీ నుంచి బలపడిందే.

డచ్చివాళ్లు పన్ను వెయ్యం, మీ కట్టుబాట్లలో వేలు పెట్టం అని 1833లో పెద్ద ప్రకటన చేశారు. పన్ను బదులు కాఫీ అడిగారు. 1847 నుంచి కాఫీ గింజంతా సర్కారు గోదాముకే, వాళ్లు పెట్టిన తక్కువ ధరకే ఇవ్వాలి. గింజ గోదాముకు పోతే పండించినవాడికి ఆకే మిగిలిందని, అందుకే ఎండబెట్టిన కాఫీ ఆకు మరిగించుకుని కొబ్బరిచిప్పలో తాగడం అలవాటైందని అక్కడివాళ్లు చెప్తారు. కవా దావున్ అనే ఆ పానీయం ఇప్పటికీ దొరుకుతుంది. 1908లో కాఫీ తీసేసి డబ్బు పన్ను వేస్తే కమాంగ్‌లో, మంగ్గొపోలో జనం తిరగబడ్డారు. మంగ్గొపోలో ముందు నిలబడింది సితి అనే ఆడమనిషి.

వేలు పెట్టం అన్నవాళ్లు ఏం చేశారో చూడండి. అంతకుముందు ఆదత్ అంటే ఊరి సభలో కూర్చుని వాదించుకుని తేల్చుకునేది. సర్కారు కొత్త పదవులు సృష్టించి, వాటికి తనకు నచ్చిన పెద్దల్ని ఎంచి, ఇదే మీ ఆదత్ అని కాగితం మీద పెట్టింది. హాలెండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లు ఆదత్ చట్టం అనే శాస్త్రమే తయారు చేశారు. షరియా అయితే ఆదత్ ఒప్పుకున్నంత మేరకే చెల్లుతుందన్నారు. మతం పేరుతో జనం ఏకమైతే ఏమవుతుందో బొంజోల్‌లో చూశారు కదా, ఆ భయం మరి. మలక్కా జలసంధికి అటు పక్క, ఇప్పటి మలేసియాలో భాగమైన మలయాలో బ్రిటిష్‌వాళ్లది ఇంకో దారి. 1874 పంగ్‌కోర్ ఒప్పందంలో మతం, ఆచారం తప్ప మిగతా అన్నిట్లో సుల్తాను మా సలహా వినాలన్నారు. మినంగ్‌కబావ్ వలసజనం ఉన్న నెగరి సెంబిలాన్‌లో 1909 చట్టంతో వంశపు భూముల్ని ఆడవాళ్ల పేర రిజిస్టర్ చేశారు. ఆడవాళ్లకు లాభమే, కాదనను. కానీ రిజిస్టరులోకి ఎక్కిన కట్టుబాటు ఇక కదలదు, అది వేరే తలనొప్పి.

కాఫీ లెక్కలు రాయడానికి గుమాస్తాలు కావాలి. అందుకు పెట్టిన బడుల్లోకి మినంగ్‌కబావ్ కుర్రాళ్లు ఎగబడ్డారు. దూరం పోయి చదవడం వాళ్లకు కొత్త కాదు కదా. మరికొందరు మక్కా బాట పట్టారు. వాళ్లలో అహ్మద్ ఖతీబ్ మక్కాలోని పెద్ద మసీదులో ఇమామ్ అయ్యాడు. సొంత పిల్లల్ని కాదని మేనల్లుళ్లకు ఆస్తి వెళ్లడం అనాథల సొమ్ము కాజేయడం లాంటిదని మండిపడ్డాడు, సొంతూరికి మళ్లీ వచ్చి స్థిరపడలేదు. ఆయన శిష్యుడు హాజీ రసూల్ మాత్రం తిరిగొచ్చి దారి వెతికాడు. వంశపు భూమి ఎవరి సొంతమూ కాదు, వక్ఫ్ లాంటిది, అంటే ధర్మానికి రాసిచ్చిన ఆస్తి లాంటిది, కాబట్టి తల్లి వైపే ఉండనివ్వండి. మనిషి తన కష్టంతో సంపాదించుకున్నది మాత్రం షరియా ప్రకారం పిల్లలకు పంచండి. ఇదీ ఆయన తీర్పు. ఆ కాలం ఎలాంటి కాలమంటే, ఒకే కొండసీమ నుంచి ఉపాధ్యక్షుడైన హట్టా, మొదటి ప్రధాని షహ్‌రీర్, కమ్యూనిస్టు తాన్ మలాకా, ఇస్లాం రాజకీయాల అగుస్ సలీం వచ్చారు. హాజీ రసూల్ నడిపిన మత పాఠశాలలోనే 1920ల్లో ఒక ఉపాధ్యాయుడు ఖురాన్‌తో పాటు కమ్యూనిజం చెప్పాడు!

ఆడపిల్లలు వెనక కూర్చోలేదు. రొహానా కుదుస్ 1911లో కొతో గదాంగ్‌లో ఆడవాళ్లకు చేతిపనుల బడి పెట్టి, మరుసటి ఏడే మహిళల పత్రిక తెచ్చింది. రహ్మా ఎల్ యూనుసియా 1923లో పడాంగ్ పంజాంగ్‌లో ఆడపిల్లల మత పాఠశాల మొదలుపెట్టింది. 1926 భూకంపంలో భవనం కూలితే ఊరూరూ తిరిగి చందాలు పోగుచేసి మళ్లీ కట్టింది. సర్కారు గ్రాంటు తీసుకోలేదు. బడుల మీద నిఘాకు డచ్చివాళ్లు తెచ్చిన ఆర్డినెన్సును బాహాటంగా ఎదిరించింది. కైరోలోని ఇస్లాం విద్యాసంస్థ అల్ అజ్‌హర్ పెద్ద 1955లో ఆ బడి చూసి వెళ్లాడు. 1957లో ఆ సంస్థ ఆమెకు షేఖా బిరుదు ఇచ్చింది. తర్వాతే అల్ అజ్‌హర్‌లో ఆడపిల్లలకు విభాగం వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక అంతా సర్దుకుందనుకోకండి. 1951లో నెగరి సెంబిలాన్‌లోని రెంబావులో వంశపు భూములకూ షరియా పంపకం వర్తించాలని కొందరు ప్రతిపాదిస్తే, అదే జరిగితే భర్తలకు విడాకులిస్తామని ఆడవాళ్లు లేచారు. ప్రతిపాదన అటకెక్కింది. 1952లో బుకిట్టింగిలో పెద్దలంతా కూర్చుని హాజీ రసూల్ చెప్పిన రెండు రకాల ఆస్తి లెక్కనే ఖాయం చేశారు. 1979లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం దేశమంతా గ్రామాలు జావా నమూనాలోనే ఉండాలని చట్టం చేసి, నగరి అనే వాళ్ల ఊరి వ్యవస్థను ముక్కలు చేసింది. డచ్చివాళ్లు వంచి వాడుకున్న దాన్ని సొంత ప్రభుత్వం ఏకంగా తీసేసింది. 2000లో నగరి తిరిగొచ్చింది, దాంతో పాటే మతం పేరుతో కొత్త నియమాలూ వచ్చాయి. పడాంగ్ బడుల్లో తలగుడ్డ తప్పనిసరి చేస్తే 2021లో ఒక క్రైస్తవ విద్యార్థిని ఒప్పుకోలేదు. బలవంతం చేయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని నెలలకే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

మీరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. తండ్రి కష్టపడి కొన్న పొలాన్ని పిల్లలు పంచుకోకుండా అలాగే ఉంచితే? తరం గడిచేకొద్దీ అది వంశపు భూమి కిందికి జారిపోతుంది, మళ్లీ కూతుళ్ల వైపే. ఎన్ని తరాలకు జారినట్టు అన్న దాని మీద ఇప్పటికీ అక్కడి కోర్టుల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు కేసులు వేసుకుంటూనే ఉన్నారు. తర్వాతి ఉత్తరంలో అచే అనే సీమ సంగతి రాస్తాను, ఈలోగా మ్యాపు తెరిచి పడాంగ్, బుకిట్టింగి, నెగరి సెంబిలాన్ ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోండి.

మీ తాతయ్య