నేల లేని ప్రభుత్వాలు: అపోహలు - వాస్తవాలు

నేను అంతర్జాతీయ న్యాయం పాఠం చెబుతాను. ఏటా సిలబస్‌లో ఒక చోటికి రాగానే క్లాసు గొల్లుమంటుంది. కాలిఫోర్నియాలో గార్డెన్ గ్రోవ్ అనే ఊరు కేంద్రంగా 1995లో 'స్వేచ్ఛా వియత్నాం ప్రభుత్వం' ఒకటి వెలిసింది, దానికి అధినేత న్గుయెన్ హూ చాన్ అని చెప్పే చోట. కిందటేడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అనేసింది. నేనూ నవ్వాను. నవ్వయ్యాక, ఆయన విషయంలో సియోల్ హైకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు సంగతి ఎత్తాను. ఆ పీరియడ్ అయిపోయినా వాళ్ల ప్రశ్నలు అయిపోలేదు. ఆ ప్రశ్నల్లోంచి ఏరినవే ఇవి.

అపోహ: మంత్రివర్గం, జెండా, లెటర్‌హెడ్ ఉంటే ఎంతో కొంత ప్రభుత్వమే.

వాస్తవం: రాజ్యం అనిపించుకోవడానికి 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం నాలుగు చెప్పింది: స్థిరమైన జనాభా, హద్దులున్న నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నడపగల శక్తి. విద్యార్థులు వీటిని ఎక్కాల్లా వప్పజెబుతారు. ప్రవాస ప్రభుత్వాల దగ్గరికొచ్చేసరికి ఆ ఎక్కం అంతగా పనికిరాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ప్రభుత్వం లండన్‌లో కూర్చుని పనిచేసింది. చేతిలో జానెడు నేల లేదు, అయినా బ్రిటన్‌కు, అమెరికాకు అదే పోలండ్ ప్రభుత్వం. 1945 జులైలో ఆ రెండు దేశాలూ గుర్తింపు తీసేశాయి. అవే గదులు, అవే ముద్రలు, అవే మనుషులు. తెల్లారేసరికి ప్రభుత్వం కాదు. వాళ్లు మాత్రం అధ్యక్షుడి తర్వాత అధ్యక్షుణ్ణి నిలుపుకుంటూ నలభై అయిదేళ్లు లాగారు. 1990 డిసెంబరులో, ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుడు లెక్ వాలెన్సా చేతికి అధికార చిహ్నాలు అప్పగించి సెలవు తీసుకున్నారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. నిజాముకు నేల, జనం, సైన్యం, సొంత నాణెం, సొంత రైలు, అన్నీ ఉండేవి. 1948 ఆగస్టులో ఆయన ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు కూడా పంపింది. ఒక నెల తిరిగేలోగా పోలీసు చర్య జరిగిపోయింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజామే తంతి కొట్టించారు.

చాన్‌కు ఈ రెండింటిలో ఏదీ లేదు, నేలా లేదు, గుర్తింపూ లేదు. పైపెచ్చు ఆ 1995లోనే, జులై 11న, అమెరికా హనోయ్ ప్రభుత్వంతో, అంటే వియత్నాంను ఏలుతున్న కమ్యూనిస్టు ప్రభుత్వంతో, దౌత్య సంబంధాలు ప్రకటించింది. తాను కాపురముంటున్న దేశమే తన శత్రువు చేయి అందుకుంది.

అపోహ: 1975లో కమ్యూనిస్టుల చేతిలో కూలిన పాత దక్షిణ వియత్నాం ప్రభుత్వమే మూటాముల్లె సర్దుకుని అమెరికా వెళ్లిపోయింది.

వాస్తవం: వెళ్లింది మనుషులు, ప్రభుత్వం కాదు. అధ్యక్షుడు థియూ 1975 ఏప్రిల్ 21న రాజీనామా చేసి, నాలుగు రోజులకు తైవాన్ చేరాడు; తర్వాత ఇంగ్లండు, ఆపైన అమెరికా. 2001లో బోస్టన్‌లో చనిపోయేదాకా గుట్టుగా బతికాడు. ఉపాధ్యక్షుడిగా చేసిన కీ, కాలిఫోర్నియాలో మద్యం దుకాణం నడిపి, 2004లో వియత్నాం వెళ్లి చూసొచ్చాడు. అధికారం రుచి చూసినవాళ్లు ప్రభుత్వం పెట్టలేదు. పెట్టినవాళ్లు తర్వాత వచ్చినవాళ్లు. నా మటుకు నాకు ఇందులో వింతేమీ కనబడదు. కుర్చీ బరువు మోసినవాడికి ఉత్త కుర్చీ మీద మోజు ఉండదు.

అపోహ: ప్రభుత్వాధినేతనని చెప్పుకుంటే అరెస్టు నుంచి రక్షణ దొరుకుతుంది.

వాస్తవం: ఇదే అసలు కథ. 2006 ఏప్రిల్‌లో చాన్ సియోల్‌లో ఉండగా దక్షిణ కొరియా అధికారులు పట్టుకున్నారు. బాంబు దాడులకు కుట్ర పన్నాడన్న అభియోగాల మీద తమకు అప్పగించమని వియత్నాం కోరింది. రెండు దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం అప్పటికే అమల్లో ఉంది. 'అధినేత' హోదాను అక్కడెవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. గుర్తింపు లేని అధినేత న్యాయం కళ్లకు మామూలు ప్రయాణికుడే. దాదాపు నాలుగు నెలలు నిర్బంధంలో గడిపాడు.

అప్పగింత కేసు కాగితాలు చేతికొస్తే నేను ముందు ముద్దాయి పేరు చూడను. అడిగిన దేశమేది, ఒప్పందంలో మినహాయింపులేవి, అడిగింది ఏ నేరానికి, ఈ మూడూ చూస్తాను. ఇక్కడ కీలకమంతా రెండోదానిలో ఉంది. రాజకీయ నేరానికి అప్పగింత ఉండదు. బాంబు కుట్ర మామూలు నేరమే కదా అనొచ్చు. నిజమే, కానీ ఒక పాలనను మార్చాలన్న లక్ష్యంతో మామూలు నేరం పెనవేసుకుపోయినప్పుడు కోర్టులు రెంటినీ తూకం వేస్తాయి: లక్ష్యమేమిటి, నష్టమెంత, రెంటికీ పొత్తెంత. కుట్ర దాటి పేలుడు దాకా పోలేదన్నది కూడా ఆ తూకంలో పడింది. బాంబు దాడుల నిరోధానికి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది, అది ఈ మినహాయింపును మూసేస్తుంది. అయితే వియత్నాం అప్పటికి అందులో చేరలేదు. జులై 27న సియోల్ హైకోర్టు అప్పగింత కుదరదంది. అక్కడ ఈ కేసులకు అదొక్కటే కోర్టు, పైన అప్పీలు లేదు. ఆయన బయటికొచ్చాడు.

ఇక్కడ క్లాసును ఒక్క నిమిషం ఆపుతాను. ఆయన్ని కాపాడిందేమిటి? అధినేత అన్న బిరుదు కాదు. హనోయ్ పాలనను ఎదిరించి, గెలవకుండా, బయట ఉండిపోయిన మనిషి కావడమే. తాను ఏలుతున్నానని చెప్పుకున్నవాడు, ఏలడం లేదు గనకే బతికి బట్టకట్టాడు.

అపోహ: అయితే 'రాజకీయ నేరం' అంటే చాలు, ఏ కోర్టయినా వదిలేస్తుంది.

వాస్తవం: చాన్ సంస్థ సభ్యుడొకరి కేసు అదే 2006లో అమెరికాలో తేలింది, సియోల్ తీర్పుకు రెండున్నర నెలల ముందు. 2001లో బ్యాంకాక్‌లోని వియత్నాం రాయబార కార్యాలయం దగ్గర బాంబులు పేల్చబోయాడని అభియోగం. అప్పగించమని అడిగింది థాయిలాండ్. అమెరికా పడమటి రాష్ట్రాల అప్పీళ్లు వినే తొమ్మిదో సర్క్యూట్ కోర్టు అప్పగింతకు ఒప్పుకుంది. అమెరికా కోర్టుల కొలబద్ద వేరు: తిరుగుబాటు ఒకటి నడుస్తుండాలి, చేసిన పని అందులో భాగం కావాలి, అదీ తిరగబడినవాళ్లుండే గడ్డ మీదే జరగాలి. థాయిలాండ్‌లో వియత్నామీయుల తిరుగుబాటెక్కడిది? ఒకే సంస్థ, ఒకే లక్ష్యం, రెండు కోర్టులు, రెండు దారులు. పరీక్షలో ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి అడుగుతాను. 'తేడాకు కారణం జడ్జీల మనసు' అని రాసినవాళ్లకు సున్నా.

మన దేశంలోనైతే? 1962 అప్పగింత చట్టం 31వ సెక్షన్ రాజకీయ నేరాన్ని మినహాయిస్తుంది. కానీ ఆ చట్టం షెడ్యూలులో 'రాజకీయ నేరంగా చూడకూడనివి' అంటూ ఒక జాబితా ఉంది, హత్య, పేలుడు పదార్థాల నేరాలు అందులోవే. చాన్ ఢిల్లీలో దిగి ఉంటే కథ వేరేగా నడిచేదని నా అంచనా.

అపోహ: ఇదంతా వేషం. వీళ్లను పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: వేషం పాలు ఉంటుంది, లేదనను. ఏటా ఏప్రిల్ 30న, 1975లో సైగాన్ పడిపోయిన రోజున, పసుపు మీద మూడు ఎర్ర చారల జెండా ఎగరేస్తూ 'నల్ల ఏప్రిల్' జరుపుకునే శరణార్థులకు, సొంతూరు ఎప్పటికైనా తిరిగి వస్తుందని చెప్పే మనిషి కావాలి. ఆ ఆశే ఈ నాయకుల ఖజానా. కానీ అన్నీ వేషాలే అనుకుంటే హొవాంగ్ కో మిన్ సంగతేం చెబుతాం? దక్షిణ వియత్నాం పాత నౌకాదళ అధికారి. విమోచన ఫ్రంటు పెట్టి, అమెరికాలో హాయిగా ఉపన్యాసాలు ఇచ్చుకోక, 1987లో మనుషుల్ని వెంటేసుకుని లావోస్ మీదుగా స్వదేశంలోకి చొరబడబోయి లావోస్‌లోనే చనిపోయాడు. ఆ చావును ఆయన అనుచరులు 2001 దాకా అధికారికంగా ఒప్పుకోలేదు. చచ్చిన నాయకుడు పద్నాలుగేళ్లు కాగితం మీద బతికే ఉన్నాడు.

ఇక కొరియా. దేశం జపాన్ ఏలుబడిలో ఉండగా 1919లో షాంఘైలో పుట్టిన కొరియా తాత్కాలిక ప్రభుత్వాన్ని పెద్ద దేశాలేవీ గుర్తించలేదు. 1945లో జపాన్ ఓడాక దాని నాయకుడు కిమ్ కూ స్వదేశానికి బయల్దేరితే, ప్రభుత్వంగా కాదు, మామూలు పౌరులుగానే దిగండి అంది అమెరికా సైన్యం. అలాగే దిగారు. దక్షిణ కొరియా రాజ్యాంగ పీఠిక ఈరోజు ఆ ప్రభుత్వానికే వారసత్వం చెప్పుకుంటుంది. చాన్‌ను విడిచిపెట్టిన కోర్టు పనిచేసేది ఆ రాజ్యాంగం కిందే. ఇది చెప్పినరోజు సోమలింగం సామెత చెప్పినమ్మాయి ఆ పీఠిక ఇంగ్లీషు అనువాదం కావాలని అడిగి తీసుకెళ్లింది.