ముందున్నవారి వెంట పరుగెత్తవద్దు: స్వీడన్‌లోని తెలుగు పిల్లలకు ఉత్తరం

స్టాక్‌హోమ్,
ఏప్రిల్ 2026

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మంచు కరిగి అడవి దారులు బయటపడ్డాయి కనుక ఓరియెంటీరింగ్, అంటే మ్యాపు, దిక్సూచి సాయంతో దారి కనుక్కుంటూ పరుగెత్తే ఆట, దాని పోటీల కాలం మళ్లీ మొదలైంది. మీలో చాలామంది బడిలో ఆటల పీరియడ్‌లో మ్యాపు పట్టుకుని పార్కులో తిరిగే ఉంటారు, ఎందుకంటే ఇక్కడి పాఠ్యప్రణాళికలోనే అది ఉన్నది. అయితే బడిలో చేసేదానికీ క్లబ్బు తరఫున అడవిలో ఆడేదానికీ తేడా ఎక్కువ. ఈ ఏడాది ఏ నెలలో ఏ పోటీ రానున్నదో, అందులో మీ వయసువారికి చోటెక్కడో, వెళ్లేముందు ఏమి తెలిసి ఉండాలో చెప్పడానికే ఈ ఉత్తరం. మీ అమ్మానాన్నలు కూడా చదివితే మంచిది. పేర్లు నమోదు చేయవలసినదీ, ఆదివారం తెల్లవారుజామున కారు తీయవలసినదీ వారే కదా.

ఈ ఆట సైనికుల శిక్షణ నుంచి పుట్టింది. సామాన్య ప్రజల కోసం మొదటి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో ఓస్లో దగ్గర జరిగింది. స్వీడన్‌లో దీనిని యువకుల్లోకి తీసుకువెళ్లినవాడు ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే సైనికాధికారి. 1919లో ఆయన స్టాక్‌హోమ్ శివార్లలో నడిపిన పోటీకి రెండు వందల మందికి పైగా వచ్చారు. చరిత్ర ఇంతవరకు చాలు, మ్యాపు దగ్గరకు వద్దాం.

పోటీ మ్యాపు మీ చేతికి బయలుదేరే క్షణంలోనే వస్తుంది. అందులో ఊదారంగు త్రికోణం బయలుదేరే చోటును, వరుస అంకెలు వేసిన వలయాలు మీరు వరుసగా చేరవలసిన గుర్తు చోట్లను, అంటే కంట్రోళ్లను, ఒకదానిలో ఒకటిగా ఉన్న రెండు వలయాలు ముగింపును చూపుతాయి. బడి అట్లాసుకు అలవాటు పడిన పిల్లలు మొదట తికమకపడేది రంగుల దగ్గర. ఇక్కడ అడవికి ఆకుపచ్చ వేయరు. హాయిగా పరుగెత్తగలిగిన అడవిని తెల్లగా వదిలేస్తారు; పొదలు దట్టమై కాలు సాగని చోటికి మాత్రమే ఆకుపచ్చ వేస్తారు, ఎంత దట్టమైతే రంగు అంత ముదురుగా ఉంటుంది. పసుపు అంటే చెట్లులేని బయలు, నీలం అంటే నీరు లేదా చిత్తడి, నలుపు అంటే బండలు, కాలిబాటలు, కట్టడాలు. గోధుమరంగు గీతలు నేల ఎత్తుపల్లాలను చెబుతాయి. అడవి మ్యాపులో సాధారణంగా ఒక గీతకూ పక్కగీతకూ మధ్య ఎత్తు తేడా అయిదు మీటర్లు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయంటే అక్కడ ఆయాసం తప్పదని అర్థం. ఈ మ్యాపుల్లో నిలువు గీతలను అయస్కాంత ఉత్తరానికే సరిపెట్టి గీస్తారు కనుక లెక్కలేమీ వేయనక్కరలేదు, దిక్సూచి ముల్లును ఆ గీతలకు సమాంతరంగా ఉంచి మ్యాపును తిప్పుకుంటే సరిపోతుంది.

ఇక కంట్రోలు దగ్గర ఏముంటుందో చూడండి. ఒక్కో వైపు ముప్పై సెంటీమీటర్లు ఉండే, నారింజ తెలుపు రంగుల గుడ్డతో చేసిన మూడు పలకల జెండా వేలాడుతూ ఉంటుంది. దాని పక్కనే చిన్న ప్లాస్టిక్ పెట్టె, దాని మీద ఒక సంఖ్య. వేలికి తొడుక్కున్న చిప్పును పెట్టె రంధ్రంలో పెడితే కీచుమని శబ్దం చేసి, దీపం వెలిగి, మీరు వచ్చిన సమయం నమోదవుతుంది. ఆ శబ్దం వినపడేవరకు వేలు తీయకూడదు. అంతకంటే ముఖ్యం, వేలు పెట్టడానికి ముందే ఆ సంఖ్యను మీ దగ్గరున్న కంట్రోళ్ల పట్టీతో సరిచూసుకోవాలి. ఈ సంఖ్యలు 31 నుంచి మొదలవుతాయి, మీ వరుస అంకెలతో కలగాపులగం కాకూడదని.

సంఖ్య గురించి ఇంతగా చెప్పడానికి కారణం రిలేలు. ఒక్కొక్కరుగా ఆడే పోటీల్లో నిమిషాల తేడాతో పంపిస్తారు కనుక ఇంకొకరి వెనుక పడే అవకాశం తక్కువ. రిలేలో మొదటి వంతు వారందరూ ఒకేసారి బయలుదేరతారు. అప్పుడు అందరూ ముందున్న బలశాలి వెనుక వరుసకడితే ఇక మ్యాపు ఎందుకు? అందుకే నిర్వాహకులు దారులను చీలుస్తారు. మీ పట్టీలో మూడో కంట్రోలు 64 అయితే, మీ పక్కన పరుగెత్తే అమ్మాయికి అది 65 కావచ్చు. రెండూ ఒకే కొండచరియ మీద, ఒకటి బండ దగ్గర, మరొకటి గుంట దగ్గర ఉండవచ్చు. జట్టులో ఎవరికి ఏ చీలిక వచ్చినా చివరికి ప్రతి జట్టూ అన్ని చీలికలనూ పూర్తిచేస్తుంది కనుక అన్యాయమేమీ లేదు. కానీ ముందున్నవారిని నమ్మి 65లో వేలు పెట్టి వచ్చేశారంటే మీ జట్టు మొత్తం ఫలితాల నుంచి తొలగిపోతుంది. ఎంత వేగంగా పరుగెత్తారన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

ఇప్పుడు రాబోయే పోటీల సంగతి. వసంతంలో వచ్చే టియోమిలా రిలే 1945 నుంచి ఉన్నది. పురుషుల జట్టులో పదిమంది, రాత్రంతా తలకు దీపాలు కట్టుకుని అడవిలో పరుగు; అందులో నాలుగో వంతుకు ‘దీర్ఘరాత్రి’ అని పేరు. మీరు దానికి ఇంకా చిన్నవారు, అయితే పిల్లలకు వేరుగా నలుగురి రిలే ఉన్నది. మే నెలలో ప్రపంచ ఓరియెంటీరింగ్ దినం సందర్భంగా బడులూ క్లబ్బులూ సులభమైన దారులు ఏర్పాటు చేస్తాయి, అసలు తెలియనివారు మొదలుపెట్టడానికి అదే అనువైన సమయం. జూన్‌లో ఫిన్లాండ్‌లో జరిగే యుకోలా రిలే, రాత్రి పదకొండు గంటలకు మొదలవుతుంది. ఏడుగురి జట్టు అది. మహిళలకు నలుగురి వెన్లా రిలే 1978 నుంచి నడుస్తున్నది.

జులై మాసం అన్నిటికంటే నిండుగా ఉంటుంది. ఇటలీలోని జెనోవా నగర వీధుల్లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఈసారి స్ప్రింట్, అంటే పొట్టి దూరపు వేగ పరుగు, రూపంలో జరుగుతుంది. నిరుడు ఫిన్లాండ్‌లోని కుఓపియోలో అడవి పోటీలు జరిగాయి, ఒక ఏడు అడవి, మరో ఏడు నగరం అన్నది ఇప్పటి పద్ధతి. అదే నెలలో స్వీడన్‌లో ఏటా జరిగే మన పెద్ద పోటీ ఓ-రింగెన్, ఈ ఏడాది గోథెన్‌బర్గ్‌లో. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక బస గురించి ఇప్పుడే ఎవరినైనా అడిగి ఉంచుకోండి. 1965లో 156 మందితో మొదలైన ఈ పోటీకి 1985లో ఫాలున్‌లో 25 వేల మందికి పైగా వచ్చారు. అయిదు దశలు, పదేళ్ల పిల్లల నుంచి ఎనభై దాటిన వృద్ధుల వరకు ఎవరి తరగతి వారికి. మరీ చిన్నవారికి గుర్తులు కట్టిన పొట్టి దారి కూడా ఉంటుంది.

వేసవి చివర యువకుల టియోమిలా, అక్టోబరులో స్టాక్‌హోమ్ ప్రాంతంలో 25-మన్నా. పోటీలన్నిటిలో నాకు ఇష్టమైనది ఈ చివరిదే. 1974లో మొదలైన ఈ రిలేలో ఒక్కో జట్టుకు ఇరవై అయిదుగురు. మధ్య వంతుల్లో ఒకే జట్టు నుంచి పలువురు ఏకకాలంలో పరుగెత్తుతారు. పిల్లలూ మహిళలూ పెద్దవయసువారూ ఉండితీరాలని నియమం కనుక వేగంగా పరుగెత్తే యువకులు ఎందరున్నా చిన్నపిల్లలు లేని క్లబ్బు జట్టు కట్టలేదు. మీ అవసరం వారికి నిజంగానే ఉంటుందన్నమాట.

దారి కఠినత్వాన్ని ఇక్కడ రంగులతో చెబుతారు. ఆకుపచ్చ, తెలుపు సులువైనవి, తరువాత పసుపు, నారింజ. నీలం, నలుపు బాగా ఆరితేరినవారికి. మొదటి ఏడాది తెలుపులో ఉండటం చిన్నతనం కాదు. పసుపు దారిని నిలకడగా పూర్తిచేయగలిగాకే పైకి వెళ్లండి, మీ స్నేహితులు ఏ రంగులో ఉన్నా సరే. ఫోనులో మ్యాపు చూడటం నిషేధం. పరుగు అయ్యాక గడియారంలో నమోదైన దారిని లైవ్‌లాక్స్ అనే వెబ్‌సైటులో ఎక్కించి, ఇతరులు అదే రెండు కంట్రోళ్ల మధ్య ఎటు వెళ్లారో పోల్చి చూడవచ్చు, నేర్చుకోవలసింది అక్కడే దొరుకుతుంది.

మధ్యలో మానేసినా సరే, ముగింపు దగ్గరకు వచ్చి చిప్పు చూపించి తీరాలి. చూపించకుండా ఇంటికి వెళ్లిపోతే మీరు అడవిలోనే ఉన్నారనుకుని చీకటిలో మనుషులను వెతకడానికి పంపుతారు. కాళ్లు పూర్తిగా కప్పుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనుక, చంకల్లో, చెవుల వెనుక రక్తం పీల్చే టిక్ పురుగులు పట్టి ఉన్నాయేమో అమ్మచేత చూపించుకోండి. ఈ ప్రాంతంలో వాటివల్ల వచ్చే మెదడువాపుకు టీకా ఉన్నది, ఆ విషయం అమ్మానాన్నలు ఆరోగ్యకేంద్రంలో మాట్లాడాలి.

పేర్ల నమోదు ఈవెంటార్ అనే వెబ్‌సైటులో. గడువు పోటీకి కొన్ని రోజుల ముందే ముగిసిపోతుంది, ఆ తరువాత కట్టే రుసుము ఎక్కువ. అక్టోబరు రిలేకు రావాలనుకునేవారు బడులు తెరిచే ఆగస్టులోపు క్లబ్బు శిక్షకులకు చెప్పండి, జట్టు వంతులు అప్పటినుంచే సర్దుతారు.

ఇట్లు,
మీ తాతయ్య