ఓఆర్ఎస్ పట్టించినా మోషన్స్ ఆగలేదా? ఆగవు

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి సర్వేకి వెళ్తే మేం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "గడిచిన రెండు వారాల్లో బిడ్డకు విరేచనాలు అయ్యాయా?" అయ్యాయంటే వెంటనే ఇంకో నాలుగు: ఏం తాగించారు, మామూలుకన్నా ఎక్కువా తక్కువా, తిండి పెట్టారా, ఎక్కడ చూపించారు. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పరిశోధనలో పన్నెండేళ్లుగా నా పని ఇదే. ఈ పన్నెండేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న జవాబు: "ఓఆర్ఎస్ పట్టించాం మేడమ్, పనిచేయలేదు."

పనిచేయలేదంటే ఏమిటని అడుగుతాను. "మోషన్స్ ఆగలేదు కదా!"

మొన్న ఒకే వారంలో ఈ మాట ఆరిళ్లలో విన్నాక ఇక రాయక తప్పదనిపించింది.

అపోహ: ఓఆర్ఎస్ విరేచనాలను ఆపే మందు

కాదు. ఆపదు. ఆపుతుందని తయారుచేసిన వాళ్లెవరూ చెప్పలేదు. చిన్నపిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. నాలుగైదు రోజులు, మహా అయితే వారం, ఉండి వాటంతట అవే తగ్గుతాయి. ఆ నాలుగైదు రోజులూ బిడ్డ ఒంట్లోంచి నీళ్లు, లవణాలు పోతూనే ఉంటాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఆ నష్టమే. పోయినదాన్ని పోయినట్టు తిరిగి నింపడం ఓఆర్ఎస్ పని. అది పనిచేస్తోందా లేదా తెలియాలంటే మోషన్స్ లెక్కపెట్టకండి. బిడ్డ ఉచ్చ పోస్తున్నాడా, నాలుక తడిగా ఉందా, పిలిస్తే చూస్తున్నాడా, అది చూడండి.

వనపర్తి వైపు ఒక ఊళ్లో ఒక నానమ్మ నాతో గట్టిగానే వాదించింది. ఒళ్లో ఏడాది నిండని మనవరాలు. మాడు కొద్దిగా గుంట పడి ఉంది, దాని మీద ఆముదం మెరుస్తోంది. పక్కన స్టీలు గ్లాసులో సగం ఓఆర్ఎస్ నీళ్లు, మీద ఈగలు. "పోసింది పోసినట్టే పోతున్నది బిడ్డా. చిల్లుకుండల ఎన్ని నీళ్లు పోస్తే ఏం ఫాయిదా?" అంది. కోడలు పట్టిద్దామంటే పొద్దుట్నుంచి ఆపించింది ఈమే. ప్రేమ లేక కాదు, పొట్టకు విశ్రాంతి ఇస్తే తగ్గుతుందని.

నాకు ఆమె మీద కోపం రాలేదు. కళ్లకు కనిపించేది అదే మరి. "అవ్వా, ఆ చిల్లు దానంతటదే పూడుతుంది, నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా కుండ ఎండొద్దు కదా" అన్నాను. కాసేపు నన్నే చూసి, గ్లాసులో ఉన్నవి పారబోసి, కొత్తగా కలపమంది కోడలిని. గంటన్నర కూర్చున్నాం. రెండు నిమిషాలకో చెంచా. ఒకసారి మొత్తం కక్కింది. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాం. కక్కితే మానేయాలన్నదీ అపోహే, ఇంకా నెమ్మదిగా పట్టాలంతే. ఆ గంటన్నరలో పాప రెండుసార్లు దొడ్డికి వెళ్లింది. అయినా చివరికి నా పెన్ను లాక్కోవడానికి చెయ్యి చాపింది.

"చెంచాలతో ఏమవుతుంది, సెలైన్ ఎక్కిస్తేనే ఒంటికి పడుతుంది" అనేవాళ్లకు ఒక సంగతి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శిబిరం నిండిపోయింది. కలరా. ఎక్కించడానికి సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులనే తాగించమన్నారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. అదీ మనుషులను గంటల్లో పీల్చిపడేసే కలరాకి! పేగు దెబ్బతిని ఉన్నప్పుడు కూడా గ్లూకోజ్ తోడుంటే ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీళ్లు వెళ్తాయి. కిటుకంతా ఇంతే. సెలైన్ అవసరమయ్యే పిల్లలు ఉంటారు: మత్తుగా పడి ఉన్నవాళ్లు, తాగలేనివాళ్లు, కళ్లు బాగా లోతుకు పోయినవాళ్లు, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లేవాళ్లు. వాళ్లను ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విరేచనంలో రక్తం పడినా అంతే. దారిలో కూడా, తాగగలిగితే పట్టిస్తూనే వెళ్లండి.

అపోహ: ఓఆర్ఎస్ అని రాసి ఉంటే అది ఓఆర్ఎసే

ఇది మా ఇంట్లోనే జరిగింది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

2024 ఎండాకాలం, రాత్రి పదకొండింటికి మా చెల్లెలు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పద్నాలుగు నెలల కొడుకు. "పొద్దుట్నుంచి పది మోషన్స్ అక్కా. ఓఆర్ఎస్ మూడు డబ్బాలు తాగించా, ఇంకా ఎక్కువైంది." డబ్బాలేంటే అని ఫొటో పెట్టమన్నాను. ముందువైపు పేరులో ఆ మూడు అక్షరాలూ పెద్దగా, పక్కన యాపిల్ బొమ్మ. వెనకవైపు, ఫొటోను వేళ్లతో సాగదీస్తే తప్ప కనిపించనంత చిన్నగా, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదని ఉంది. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే ఇచ్చింది అదేనట. టెన్షన్‌లో ఉన్న తల్లి డబ్బా వెనక ఏం రాసుందో చదువుతుందా?

2002 నుంచి నడుస్తున్న ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉండాలి. ఈ తీపి డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు, ఉప్పు చాలీచాలనంత. అంత చక్కెర పేగులోకి వెళ్తే ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగుతుంది. వాడికి మోషన్స్ ఎక్కువయ్యాయంటే ఆశ్చర్యమేముంది? ఆ రాత్రి మా మరిది తిరిగి తిరిగి పొడి ప్యాకెట్ పట్టుకొచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి మెసేజ్ వచ్చింది: "ఉచ్చ పోశాడక్కా." ఊరూరా తిరిగి చెప్పే నేను సొంత చెల్లెలికి ఈ ముక్క ముందే చెప్పలేదు.

ఈ డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. పేరు మారినా లోపలున్నది తీపి పానీయమే, విరేచనాల బిడ్డకు వద్దు. కూల్‌డ్రింకు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు కూడా ఓఆర్ఎస్‌కు బదులు కావు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో విరేచనాలైన ఐదేళ్లలోపు పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి. ఆ అంకె చూసినప్పుడల్లా అందులో ఎన్ని యాపిల్ డబ్బాలు కలిశాయో అని నాకు అనుమానం. మా టీమ్‌లో ఇప్పుడు "ఇచ్చాం" అంటే ప్యాకెట్ చూపించమంటాం.

ప్యాకెట్ సంగతి వచ్చింది కాబట్టి: పెద్దది లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఎంత నీళ్లకో దాని మీదే ఉంటుంది. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం, "కొంచెం కొంచెం" అంటూ చిటికెలు వేయడం, రెండూ తప్పే. చిక్కగా కలిపితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. ఇంట్లో ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఉంటుంది కదా, శుభ్రంగా కడిగి దాంతో కొలవండి. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు వాళ్లకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైవాళ్లకు 100 నుంచి 200.

అపోహ: డాక్టర్ రాయలేదంటే అవసరం లేనట్టే

2024లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కర్ణాటక, బిహార్‌లలోని 253 పట్టణాల్లో 2,282 మంది ప్రైవేటు వైద్యుల దగ్గరకు బిడ్డకు విరేచనాలని చెప్పి మనుషులను పంపారు. ఓఆర్ఎస్ రాయకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం, సుమారు 42 శాతం, "వచ్చినవాళ్లు ఓఆర్ఎస్ కోరుకోరు" అని ఆ వైద్యులు అనుకోవడమే. స్టాకు లేకపోవడం, మందులు అమ్మితే వచ్చే లాభం, ఒక్కొక్కటీ ఐదారు శాతమే. ఓఆర్ఎస్ కావాలని నోరు తెరిచి అడిగినవాళ్లకు మాత్రం రాయడం 27 శాతం పాయింట్లు పెరిగింది. మనకు సూది, సిరప్, సెలైన్ కావాలని వాళ్లు అనుకుంటున్నారు, వాళ్లు రాయలేదు కాబట్టి అక్కర్లేదని మనం అనుకుంటున్నాం. అడగండి. ఆశా వర్కర్ దగ్గర ఊరికే ఇస్తారు.

మిగతావి గబగబా. పళ్లు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలే అంటారు, కాదు. ఆ వయసులో దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, కారణం అది. తల్లిపాలు ఆపాలా? ఒక్క పూట కూడా ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. పత్యం పేరుతో కడుపు మాడ్చొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, ఏది తింటే అది. మోషన్స్ ఆపే పెద్దవాళ్ల బిళ్లను అరముక్క చేసి వేయడం ప్రమాదం, దయచేసి వద్దు. యాంటీబయాటిక్ అందరికీ అక్కర్లేదు, రక్త విరేచనాలైతే డాక్టర్ చూసి రాస్తారు. రోటా టీకా వేయించాం కాబట్టి ఇక రావనుకోవద్దు. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలైన ఆ టీకా రోటావైరస్ తీవ్రంగా ముదరకుండా కాపాడుతుంది. విరేచనాలు తెచ్చే క్రిములు ఇంకా చాలా ఉన్నాయి.

ఇక ఓఆర్ఎస్‌తో పాటు వేయాల్సిన జింక్ మాత్ర. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే జింక్ అందిన పిల్లలు 30.5 శాతమే. రెండు నుంచి ఆరు నెలల లోపు వాళ్లకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20, చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి పద్నాలుగు రోజులు. మోషన్స్ ఆగిన రోజున జింక్ కూడా ఆపేస్తారు, ఇంచుమించు అందరూ. పేగు మానడానికి, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండటానికి కూడా వేసేది కదా అది. ఆ ఏడాది దసరాకి మా చెల్లెలి ఇంటికి వెళ్తే ఫ్రిజ్ మీద ఆ మాత్రల షీట్ దొరికింది. తొమ్మిది అలాగే ఉన్నాయి.