కడుపులో తిప్పితే అంతా గ్యాసేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం ఓపీలో ఒక్క పూటలోనే నలుగురు ఒకే మాట చెప్పారు. "గ్యాస్ పైకి తన్నుతోంది సార్. కడుపులో దేవినట్టుంటుంది, వాంతి మాత్రం రాదు." నలుగురి చేతుల్లోనూ పాలిథిన్ కవర్లు, వాటినిండా పాత చీటీలు. ఒంగోలు పక్కన ప్రాక్టీసు పెట్టిన దగ్గర్నుంచీ ఈ మాట వినని రోజు లేదు.

ఆ నలుగురిలో కొండపి వైపు నుంచి వచ్చిన పొగాకు రైతు ఒకాయన. యాభై దాటాయి. రెండేళ్లలో మూడుసార్లు ఎండోస్కోపీ చేయించుకున్నాడు. మూడింటిలోనూ పెద్దగా ఏమీ లేదు. అయినా పరగడుపున ఒక గ్యాస్ బిళ్ల, అన్నానికి ముందు ఇంకో బిళ్ల, రాత్రికి సిరప్. "ఎప్పుడొస్తుందయ్యా?" అని అడిగాను. "పొద్దున్నే సార్." "రోజూ వస్తుందా?" ఆయన ఆలోచనలో పడ్డాడు. భార్య అందుకుంది. "పొగాకు బేళ్లు వేలానికి తీసుకెళ్లే రోజున సార్. ఆ రోజు టీ కూడా దిగదు. ఎవరూ పాట పాడక నోబిడ్ పడిందా, మర్నాడు మంచం దిగడు. వేలం లేని రోజు మాత్రం నాలుగు ఇడ్లీలు తింటాడు."

రోగం ఏమిటో ఆమె మాటల్లోనే ఉంది. ఇది టెన్షన్ తెచ్చే వికారం. కడుపులో పుండు వేలం ఉన్న రోజుకీ లేని రోజుకీ ఇంత తేడా చూపించదు.

అపోహ: వికారం అంటే గ్యాస్. గ్యాస్ బిళ్ల వేసుకుంటే సరి.

వాస్తవం: భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. పరిగెత్తడానికి పనికొచ్చే కండరాలకు రక్తం మళ్లుతుంది, జీర్ణాశయం పని మందగిస్తుంది. తిన్నది కిందికి కదలదు. మెదడుకీ పొట్టకీ మధ్య వేగస్ అనే నరం ఉంది. అందులో ఎక్కువ పోగులు పొట్ట కబురును మెదడుకు మోసేవే. నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం ఉండేది కూడా పేగుల్లోనే. అందుకే మనసుకు తగిలింది పొట్టలో తెలుస్తుంది, పొట్టలో జరిగింది తిరిగి మనసును కలవరపెడుతుంది. నోట్లో నీళ్లూరడం, చెమట, ఓకరింపు అన్నీ ఆ దారిలో వచ్చేవే.

మరి త్రేన్పుల సంగతేంటి అంటారు. టెన్షన్‌లో ఊపిరి పైపైన, వేగంగా తీస్తాం. మాటిమాటికీ ఉమ్మి మింగుతాం. దాంతోపాటు గాలి కూడా లోపలికి పోతుంది. ఆ గాలే త్రేన్పుగా బయటికొస్తుంది. త్రేన్పు రాగానే కాస్త హాయి అనిపిస్తుంది కాబట్టి 'ఇది గ్యాసే' అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

ఆమ్లాన్ని తగ్గించే బిళ్ల ఆందోళనను తగ్గించలేదు. అయినా వాడుతూనే ఉంటారు. దీనివల్ల ఎంత నష్టమో మా ఇంట్లోనే చూశాను. మా అక్క అల్లూరు దగ్గర ఉంటుంది. బావకు రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలకు వైట్‌స్పాట్ రోగం వచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. అక్కకు పొద్దున లేస్తే వికారం. ఫోన్ చేసి చెబితే నేను కూడా "గ్యాస్ అయ్యుంటుందిలే అక్కా" అనేశాను. డాక్టర్ని అయ్యుండి ఒక్క ప్రశ్న అడగలేదు. మెడికల్ షాపులో ఏదో క్యాప్సూల్ ఇస్తే ఏడాదిన్నర వాడింది. నెలసరి ఆగిపోయింది. రొమ్ముల నుంచి పాలలాంటిది కారడం మొదలైంది. క్యాన్సరేమోనని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏడ్చింది. ఆ భయానికి వికారం ఇంకా ఎక్కువైంది. చివరికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పరీక్ష చేయిస్తే సంగతి తేలింది. ఆ క్యాప్సూల్లో గ్యాస్ మందుతో పాటు లెవోసల్పిరైడ్ ఉంది. అది ప్రొలాక్టిన్‌ను పెంచే మందు. ఆపాక రెండు నెలలకు నెలసరి వచ్చింది. గుంటల మీద అప్పు ఎంతుందో అక్క నోరు తెరిచి చెప్పింది కూడా అప్పుడే.

మీరు వాడే పట్టీ వెనక లెవోసల్పిరైడ్ అని ఉందేమో ఇవాళే చూడండి. నెలల తరబడి వాడితే పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం కూడా చూస్తున్నాం. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిలో కుదురుగా కూర్చోనివ్వని అస్థిమితం తెస్తుంది, దాన్ని కూడా టెన్షనే అనుకుంటారు. అలాగని మీ అంతట మీరు అన్నీ ఆపేయకండి. చాలాకాలం వాడిన గ్యాస్ బిళ్లను ఒక్కసారిగా ఆపితే ఆమ్లం కొన్నాళ్లు ఎగదన్నుతుంది. అప్పుడు మళ్లీ 'చూశారా, గ్యాసే' అంటారు. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

అపోహ: టెన్షన్ వల్ల అంటే నటిస్తున్నట్టే.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయి, పరీక్ష ఉన్న ప్రతి పొద్దునా వాంతి చేసుకుంటుంటే 'నాటకం' అన్నారు. ఆ పిల్ల కడుపు నిజంగానే తిప్పుతోంది, వాంతి నిజంగానే అవుతోంది. రిపోర్టులు నార్మల్ అంటే పుండు లేదని మాత్రమే, బాధ లేదని కాదు. టెన్షన్ అన్నంత మాత్రాన పిచ్చి అని కూడా కాదమ్మా, భయపడకండి.

మిగతావి గబగబా చెబుతాను. దిష్టి, పైత్యం అని రోజులు గడపొద్దు. ఎవరో 'మందు పెట్టారు' అని కక్కించే వాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు. వాళ్లు తాగించే పసరులో ఏముందో మనకు తెలియదు. వేలు పెట్టి కక్కడం అలవాటైతే గొంతు, పళ్లు పాడవుతాయి. వికారమని పస్తుంటే ఖాళీ కడుపులో అది ఇంకా పెరుగుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అన్నీ టెన్షన్ ఖాతాలో రాసేయకూడదు. పచ్చి పొగాకు ఆకు మంచుకు తడిసినప్పుడు కోస్తే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి వికారం, తలతిప్పు వస్తాయి. కోతకు వెళ్లే కూలీలు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ బిళ్లలు, నొప్పి బిళ్లలు కూడా కడుపులో తిప్పుతాయి. పెళ్లయిన ఆడవాళ్లకు నెల తప్పిందేమో ముందు చూడాలి. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, బరువు తగ్గిపోవడం, మింగడం కష్టం కావడం, కళ్లు పచ్చబడడం ఉంటే ఆలస్యం చేయొద్దు. నడివయసు దాటినవాళ్లు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు వికారంతో పాటు చెమటలు పట్టి గుండెలో బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, వెంటనే ఈసీజీ తీయించుకోండి.

ఆ రైతుకు చెప్పింది ఇదీ. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. పొట్ట పైకి లేవాలి, ఛాతీ కాదు. ఐదు నిమిషాలు చాలు. వికారం లేని రోజు కూడా చేయాలి, అప్పుడే వేలం రోజున అక్కరకొస్తుంది. పొద్దున ఉత్త టీ, కాఫీ మానేసి ముందు గుప్పెడు బొరుగులో, ఒక ఇడ్లీనో తినాలి. చిన్న అల్లం ముక్క నమలొచ్చు. ఇంజెక్షన్‌కు ముందు రాసే స్పిరిట్ దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని మెల్లగా పీలిస్తే చాలామందికి నిమిషాల్లో వికారం తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వికారం వస్తుందని వేలానికి పోవడం మానొద్దు. మానితే ఆ పూటకు హాయిగానే ఉంటుంది, భయం మాత్రం వేళ్లూనుకుంటుంది. పది రోజులు ఒక నోటు పుస్తకంలో వికారం ఎప్పుడొచ్చింది, అంతకు ముందు మనసులో ఏముంది అని రాయమన్నాను. తనకు రాయడం రాదన్నాడు. వాళ్లావిడ తను రాస్తానంది.

వీటితో తగ్గకపోతే కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆందోళన తగ్గించడానికి ఎక్కువగా రాసే ఎస్సితలోప్రామ్ లాంటి బిళ్లలు మొదటి వారం, పది రోజులు వాటంతట అవే కాస్త వికారం తెస్తాయి. చాలామంది మూడో రోజే ఆపేసి 'పడలేదు' అంటారు. అన్నం తిన్నాక వేసుకోండి, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మత్తు, అలవాటు అని భయపెట్టేవాళ్లు చెప్పేది వేరే రకం నిద్ర బిళ్లల గురించి.

ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్లు మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 కు ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తోంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లల పట్టీలన్నీ కవర్లో వేసుకుని వెళ్లండి, ఖాళీ పట్టీలైనా సరే.